అవతలి రీడర్

“కొత్తది కొనుక్కోండి, దోన్యా జులేమా. పాతది తెచ్చిన వాళ్లకి ధర తగ్గిస్తామని కంపెనీవాళ్లే అంటున్నారు,” అన్నాడు నెల్సన్.

“నాకు కొత్తది వద్దు. దీన్నే బతికించు,” అంది జులేమా.

మోంటేవిడియోలో ఫోన్లూ రేడియోలూ బాగుచేసే కొట్టు అది. బల్ల మీద ఆమె ఈ-రీడర్ ఉంది. పదమూడేళ్ల నాటిది, మూలలు అరిగిపోయాయి. ఆ మోడల్‌కి బుధవారం నుంచి కంపెనీ సేవలు ఆపేస్తోందని తెర మీద నోటీసు.

“అది చావడం లేదండీ. లోపలున్న పుస్తకాలు హాయిగా చదువుకోవచ్చు. నెట్‌కి కలవదు, అంతే.”

“ఆ కలవడమే నాక్కావాల్సింది.”

“డెబ్బై రెండేళ్లొచ్చాక నెట్‌తో ఏం పని మీకు?” నెల్సన్ నవ్వుతూ తను తాగుతున్న మాతే ఆకు టీ సొరబుర్రని వేడినీళ్లతో నింపి ఆమె ముందుకు జరిపాడు.

“నీ మాతే నువ్వే తాగు. ముందిది చూడు.”

ఆమె ఒక నవల తెరిచింది. వెంటనే ఓ చిన్న పెట్టె కనబడింది: ‘రెండో రీడర్‌లో 212వ పేజీ దాకా చదివారు. అక్కడికి వెళ్లాలా?’

“రెండోది ఎవరిది?”

“మా చెల్లెలు హైదేది. మీనాస్‌లో ఉంటుంది. ఇద్దరిదీ ఒకటే ఖాతా. నేను పుస్తకం కొంటే దానికీ వెళ్తుంది. తొమ్మిదేళ్లుగా మా మధ్య మాటల్లేవు. కానీ రోజూ ఎన్ని పేజీలు చదివిందో నాకు తెలుస్తుంది. పేజీ కదిలిందంటే మనిషి బాగున్నట్టే.”

నెల్సన్ నవ్వు ఆగిపోయింది. “పోనీ మీరొక కొత్తది...”

“నేనొక్కదాన్నే కొంటే ఏం లాభం? దాని దగ్గరున్నదీ ఇలాంటిదేగా!”

“అయితే ఫోన్ చేయండి.”

“అదే నాకు చేయొచ్చుగా!”

నెల్సన్ రీడర్‌ని రెండు చేతులతో తిరిగిచ్చాడు. “కంపెనీవైపు నుంచే ఆపేస్తున్నారు దోన్యా. నేను చేయగలిగిందేం లేదు.”

బుధవారం పొద్దున్నే జులేమా నవల తెరిచింది. పెట్టె రాలేదు. మధ్యాహ్నం మళ్లీ తెరిచింది. గురువారమంతా తెరుస్తూనే ఉంది. ఎందుకు రావడం లేదో ఆమెకి బాగా తెలుసు. అయినా ముద్ద దిగలేదు.

శుక్రవారం మీనాస్ బస్సెక్కింది. క్షమించమని అడక్కుండా మాట ఎలా మొదలుపెట్టాలా అని రెండు గంటలూ ఆలోచించింది. ఏమీ తోచకముందే చెల్లెలి గుమ్మం వచ్చేసింది. తలుపు తట్టింది.

హైదే తలుపు తీసింది. చాలా చిక్కిపోయింది. ఒక చేత్తో ద్వారబంధం పట్టుకుని, “ఎవరూ?” అంది.

జులేమాకి ఒళ్లు మండింది. “ఎవరా? తొమ్మిదేళ్లకి వస్తే అడిగే మాట ఇదేనా? అక్క మొహం కూడా మర్చిపోయావుటే?”

హైదే చెయ్యి చాచి గాలిలో వెతికింది. అక్క భుజం దొరికింది. అక్కడి నుంచి మెడ, చెంప, నుదురు తడిమింది.

జులేమా ఆ చేతిని పట్టుకుంది.

“ఎన్నాళ్లయిందే?” అంది.

“కళ్లు పోయి నాలుగేళ్లు.”

“అబద్ధం! మొన్న మంగళవారం దాకా నువ్వు చదువుతూనే ఉన్నావు. నేను చూశాగా! ఎవరైనా చదివి వినిపించేవాళ్లా?”

“లేదక్కా. పక్కింటావిడ కొత్త పుస్తకం తెరిచి చేతికిచ్చి వెళ్లిపోయేది. రోజూ సాయంత్రం పేజీ తిప్పే బొత్తాం ఇరవైసార్లు నొక్కి పక్కన పెట్టేసేదాన్ని. లేకపోతే నువ్వు కంగారుపడతావు కదా!”