సభకు తాళం

“రేపు ఓటింగు జరిగితే మనం మూటాముల్లె సర్దుకోవాల్సిందే బావా,” అన్నాడు బావమరిది.

ప్రధానమంత్రికి ఆ సంగతి తెలియక కాదు. కొత్త వంతెన కూలిన వ్యవహారం మీద ప్రతిపక్షం అవిశ్వాస తీర్మానం పెట్టింది. సొంత సభ్యులు కొందరు గోడ దూకేశారు. కుర్చీ పోతుందన్న భయంతో ఆయనకి అన్నం సహించడం లేదు. అదృష్టం బాగుండి న్యాయశాఖ మంత్రి సొంత బావమరిదే అయ్యాడు. ఇంటివాడికి పదవిస్తే ఇదే సుఖం. అడ్డదారి అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

బావమరిది ఆ దారి చూపించాడు. సభ నడుస్తున్నన్నాళ్ళూ సభ్యుల మీద పోలీసు చెయ్యి పడకూడదు. అది ఎప్పటినుంచో ఉన్న రక్షణ. సభను నిలిపేస్తే ఆ రక్షణా పోతుంది. అవతలి పక్షంలో పాత కేసుల్లో వారెంట్లున్నవాళ్ళు అరడజను మంది దాకా ఉన్నారు. వాళ్ళను లోపలేయించి, తర్వాత తీరిగ్గా సభ పిలిచి ఓటింగు పెడితే సరి. గెలుపు నల్లేరు మీద నడకే.

భోజనాల బల్ల దగ్గర ఈ మంతనాలన్నీ ప్రధాని అక్క వింటూనే ఉంది. చిన్నప్పుడు తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. దేశానికంతటికీ ప్రధాని అయినా ఆవిడకి మాత్రం ‘ఒరే’యే.

“ఓడిపోతే దిగిపోరా. చిన్నప్పుడూ ఇంతే, ఓడిపోయేలా ఉంటే బంతి పట్టుకుని ఇంటికొచ్చేసేవాడివి.”

“ఇది ఆట కాదక్కా. దేశం.”

“అందుకే చెప్తున్నా. ఆ బంతైనా నీది. ఇది నీది కాదు.”

ప్రధానికి కోపమూ వచ్చింది, కాస్త సిగ్గూ వేసింది. సిగ్గు ముద్ద మింగేలోపే పోయింది. సభను నిలిపివేసే ఉత్తర్వు దేశాధ్యక్షుడి దగ్గరికి వెళ్ళింది. ఆయన చదివి సంతకం పెట్టే రకం కాదు కాబట్టి మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చింది. సభాభవనానికి తాళం పడింది.

విలేకరులు చుట్టుముట్టారు. ఓటమి భయంతోనే సభ మూశారా, ఇక ప్రతిపక్షాన్ని జైల్లో పెట్టిస్తారా అని నిలదీశారు. కక్షసాధింపు తమ ఇంటా వంటా లేదని ప్రధాని గుండెమీద చెయ్యేసుకుని చెప్పాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. కెమెరాలు కనబడితే ఆయన నోరు ఊరుకోదు. అక్కడికక్కడే పోలీసు అధికారిని పిలిచాడు.

“కోర్టు వారెంటున్న ప్రతి సభ్యుణ్ణీ పట్టుకోండి. పార్టీ చూడొద్దు. హోదా చూడొద్దు. ఎవరైనా అడ్డుపడితే, స్వయంగా నేనే చెప్పానని చెప్పండి.”

చప్పట్లు మోగాయి. అధికారి సెల్యూట్ చేసి వెళ్ళిపోయాడు. ఆ పూట ప్రధాని ఆకలితో అన్నం తిన్నాడు.

సాయంత్రం ఆయన వరండాలో టీ తాగుతుంటే అదే అధికారి జీపు దిగాడు. ప్రధాని ఎదురెళ్ళి మరీ కుర్చీ చూపించాడు.

“దొరికారా?”

“దొరికారండి. అందరినీ స్టేషన్‌కి చేర్చే వచ్చాను.”

ప్రధాని అక్క వైపు ఓరగా చూశాడు. ఆవిడ తల తిప్పుకుని బట్టలు మడతపెట్టుకుంటోంది. ఇక సభ ఎప్పుడు పిలిచినా తనకి ఢోకా లేదు. ఆ సంతోషంలో అధికారికి టీ తెమ్మని లోపలికి కేకేశాడు.

“శభాష్. ఆ మాట ఫోన్లో చెప్తే సరిపోయేది కదయ్యా, ఇంత దూరం శ్రమెందుకు?”

అధికారి కూర్చోలేదు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, నేల చూపులు చూస్తూ చెప్పాడు.

“ఇంకొక్కరు మిగిలారండి. ఇన్నాళ్ళూ సభ నడుస్తుండబట్టి, మీ పేరున్న వారెంటు పట్టుకుని రాలేకపోయాం.”