భారం తీరని ఇల్లు

“ఆపండి ఆ పాటలు! ఇది ఇల్లా, సంతా?”

లోపలి గదిలోంచి వచ్చిన ఆ అరుపుకి ముందుగదిలో ప్రార్థన కూటంలో పాడుతున్న ఆడవాళ్ళు ఉలిక్కిపడ్డారు. ఆ ఇంటాయన రిటైరైన బస్సు డ్రైవరు. ఏళ్ళ తరబడి హారన్‌తో పోటీపడ్డ గొంతు మరి.

“చూశారా అయ్యగారూ,” అంది వాళ్ళలో ఒకావిడ, ఆసుపత్రి నర్సు, కొత్తగా వచ్చిన పాస్టరుతో. “ఈయన మారి ప్రభువుని నమ్ముకోవాలని ఎన్నేళ్ళుగానో ప్రతి శుక్రవారం ఇక్కడే మోకరిస్తున్నాం. ఒక ఇంటి భారం తీరితేనే కదా కూటం ఇంకో ఇంటికి వెళ్ళేది! తర్వాత వంతు మాది. ఈయన మారేదెప్పుడు, మా మరిది పేకాట మానేదెప్పుడు?”

“ఏం చెయ్యను వదినా, రాతిగుండె ఆయనది,” అంటూ డ్రైవరు భార్య మోకాళ్ళు పట్టుకుని మెల్లిగా లేచి టీ పెట్టడానికి వెళ్ళింది.

పాస్టరుకి పౌరుషం పొడుచుకొచ్చింది. అసలే కుర్రవాడు.

“ముసలితనంలో మారకూడదని ఏ వాక్యంలో ఉంది? ఇవాళ అటో ఇటో తేలిపోవాలి!” అని విసురుగా లోపలికెళ్ళి తలుపేశాడు.

డ్రైవరు మంచం పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు. ఎదురుగా తెరిచిన బైబిలు, కళ్ళనిండా నీళ్ళు. పాస్టరు నోరు తెరిచేలోగా పెదవుల మీద వేలు పెట్టుకుని, తలుపువైపు తిరిగి, “ఎవడయ్యా నువ్వు, నా గదిలోకొచ్చి నాకే నీతులు చెప్పడానికి?” అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. ఆ వెంటనే గొంతు తగ్గించి, “కూర్చోండి అయ్యగారూ. ఏమనుకోకండి,” అన్నాడు.

“ఏమిటిదంతా?” అన్నాడు పాస్టరు తెల్లబోయి.

“నేను మారి చాలా కాలమైంది. వాళ్ళ ప్రార్థన వినీ వినీ ఓ రోజు నాకే తెలీకుండా మోకాళ్ళు వంగాయి.”

“మరి బయటికొచ్చి చెప్పరేం? అమ్మగారు ఎంత సంతోషిస్తారు!”

“సంతోషిస్తుంది, ఆ ఒక్కరోజు. పై వారం నుంచి కూటం నర్సమ్మగారింటికి పోతుంది. ఆవిడది మూడో అంతస్తు. మా ఆవిడకి గడప దాటడమే గండం. ఈ ఇంటికొచ్చే మనుషులంటే ఆ కూటంవాళ్ళే అయ్యగారూ. గురువారం నుంచే చీర తీసి పెట్టుకుంటుంది పిచ్చిది. నన్ను పాపి అనుకుంటే అనుకోనివ్వండి, నాకేం పోయింది?”

అబద్ధమాడితే నరకమేనని మొన్న ఆదివారం గంటసేపు దంచి చెప్పిన పాస్టరు, తలుపు గొళ్ళెం మీద చెయ్యి పెట్టి వెనక్కి తిరిగి చూశాడు. ఆ మనిషి మీద అతనికి జాలి వేసింది, గౌరవమూ కలిగింది.

బయటికి రాగానే అందరూ చుట్టుముట్టారు. డ్రైవరు భార్య టీ పళ్ళెం పట్టుకుని వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. గ్లాసులు గలగలలాడుతున్నాయి.

“మారాడా అయ్యగారూ?” అంది నర్సు.

పాస్టరు చెమట తుడుచుకున్నాడు. “ఇంత మొండిఘటాన్ని నేనెక్కడా చూడలేదు. వచ్చే శుక్రవారం కూడా కూటం ఇక్కడే.”

నర్సు ఉసూరుమంది.

“దేవునికి స్తోత్రం!” అనేసింది డ్రైవరు భార్య.