ఎందుకు తాత

“ప్లస్ మూడు అంటే కుడికి కదా జరగాలి? గ్రాఫులో ఆ గీత ఎడమకెందుకు పోయిందమ్మా?”

మొదటి వరుసలో గోడవారగా కూర్చున్న ముసలాయన మళ్లీ చెయ్యెత్తాడు.

“మొదలెట్టాడ్రా ఎందుకు తాత!” అని వెనక వరుసలో గొణిగాడు జారెట్.

ఆ లెక్కల క్లాసు చెప్పే ప్రియెటో మేడం ఈ టర్మ్‌లోనే కాలేజీలో చేరిన చిన్న వయసు టీచరు. కాదనలేక మార్కర్ తీసి మొదటి నుంచీ చెప్పింది. పన్నెండు నిమిషాలు పట్టింది.

అదే వరుసలో అతని పక్కన టెస్సా గడియారం చూసి పళ్లు నూరుకుంది.

ఆ నిమిషాలు ఆమెకు ఊరికే వచ్చినవి కావు. పగలంతా రోడ్డు పనుల దగ్గర, మంచులో ‘ఆగండి’ బోర్డు పట్టుకుని నిలబడే ఉద్యోగం ఆమెది. ఆ రోడ్డును కొలిచే సర్వేయర్ కావాలని ఆశ. సర్వే కోర్సులో సీటు రావాలంటే ముందు ఈ ప్రీకాలిక్యులస్ లెక్కల కోర్సులో నూటికి డెబ్బై మార్కులు తెచ్చుకోవాలి. ఇప్పటికే రెండుసార్లు తప్పింది. కాలేజీ మూడోసారి వరకే ఒప్పుకుంటుంది.

అందుకే ఈసారి పకడ్బందీగా ప్లాను వేసుకుంది. గంట క్లాసుకు రెండు గంటల చదువు. ఆదివారమంతా లెక్కలు. ఏ వారం ఏ పాఠమో గళ్లు గీసి ఫ్రిజ్ తలుపుకు అంటించింది.

ఆ గళ్లన్నీ ఈయన ధర్మమా అని వెనక్కి జరుగుతున్నాయి.

ఆయన పేరు అర్విడ్. అరవై రెండు దాటినవాళ్లు క్లాసులో ఖాళీ ఉంటే ఫీజు లేకుండా కూర్చోవచ్చు.

“పనీ పాటా లేక, వెచ్చగా ఉంటుందని వస్తున్నాడు,” అన్నాడు జారెట్. “చూడు, కుర్చీ పక్కకు తిప్పుకున్నాడు. బోర్డు మానేసి మన మొహాలు చూస్తే లెక్క ఏం అర్థమవుద్ది?”

మొదటి పరీక్షలో టెస్సాకు ఎనభై ఒకటి వచ్చాయి. ఎడమకు జరిగే గీత లెక్క కూడా కరెక్టే.

“ప్లానంటే ప్లానే!” అని మురిసిపోయింది.

ఆ మర్నాడు కాఫీ మిషన్ దగ్గర ముసలాయన కనిపిస్తే ఉండబట్టలేక అడిగేసింది.

“తాతగారూ, ఏమనుకోకండి. ఆ ప్రశ్నలేవో ఇంటికెళ్లి పుస్తకంలో చూసుకోవచ్చుగా?”

“చూసుకోవచ్చమ్మా. నా వల్ల నీకు ఇబ్బందా?”

“ఇది నాకు ఆఖరి ఛాన్సు.”

“అయ్యో, అవునా?” అన్నాడాయన.

సిగ్గుపడి ఊరుకుంటాడనుకుంది టెస్సా. తర్వాతి క్లాసులో మూడు ప్రశ్నలు అడిగేవాడు ఐదు అడిగాడు. ఆ వారమంతా అంతే.

చెప్పినకొద్దీ ఎక్కువైందని ఆమెకు ఒళ్లు మండిపోయింది. సంతకం లేకుండా ఆఫీసుకు ఫిర్యాదు రాసి పడేసింది.

రెండు రోజులకు గోడవార కుర్చీ ఖాళీ అయింది.

“ప్రశ్నలడగొద్దని పిలిచి చెప్పారంట. పీడా పోయింది,” అన్నాడు జారెట్.

ఇక పాఠాలు పరుగెత్తాయి. ప్లాను ఒక్క గడి కూడా తప్పలేదు.

“ఏమైనా సందేహాలా?” అని ప్రియెటో మేడం అడిగేది. అందరూ అర్థమైనట్టు తలలూపేవాళ్లు.

రెండు కోణాలు కలిపి సైన్ కట్టినా, విడివిడిగా కట్టి కలిపినా జవాబు ఒకటే ఎందుకు రాదో టెస్సాకు అంతుబట్టలేదు. నోటిదాకా వచ్చింది. ఇంత చిన్నది కూడా తెలీదా అని నవ్వుతారేమోనని మింగేసింది. అలా చాలా మింగింది.

ఆమె ప్లానులో చదవడానికి గడి ఉంది, రాయడానికి ఉంది. నోరు తెరిచి అడగడానికి మాత్రం లేదు.

రెండో పరీక్షలో యాభై ఎనిమిది వచ్చాయి. చివరికి మొత్తం మీద అరవై ఆరు దగ్గర ఆగిపోయింది.

నాలుగో అవకాశం కోసం అర్జీ పట్టుకుని ఆఫీసుకు వెళ్లింది. అక్కడ గుమాస్తా వెర్నా, ఆ కాలేజీలోనే పనిచేస్తూ తల నెరిసిన మనిషి.

“తీసుకుంటాను గానీ ఆశ పెట్టుకోకమ్మా,” అంటూ మార్కులు చూసింది వెర్నా. “మొదట ఎనభై ఒకటి తెచ్చుకుని తర్వాత ఇట్లా అయిందేంటి?”

“ఏమో మేడం. ముందు బాగానే అర్థమయ్యేది.”

“నీ ఒక్కదానికే కాదులే. ఆ క్లాసు క్లాసంతా జారిపోయింది. అర్విడ్ మానేశాక ఇంతే.”

“ఆ తాతా? ఆయనకీ మా మార్కులకీ ఏంటి సంబంధం?”

వెర్నా కళ్లజోడు తీసింది.

“ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నాడు. చెల్లెలి ఊరు వెళ్లిపోయాడుగా, ఇప్పుడు చెప్తే ఏం? ‘బోర్డు దగ్గర నిలబడితే అందరూ తలూపేస్తారు వెర్నా, పక్కన కూచుంటేనే ఎవరి పెన్సిల్ ఎక్కడ ఆగిందో తెలుస్తుంది’ అనేవాడు. ఆగినచోటల్లా చెయ్యెత్తేవాడు. వెనక వరుసలో ఎవరో అమ్మాయికి ఆఖరి ఛాన్సట. ఆ అమ్మాయి పెన్సిల్ ఆగకూడదని పాపం ఒకటే తాపత్రయం. ఇంతలో ఏ పుణ్యాత్ములో ఉత్తరం రాశారు. కొత్తగా వచ్చిన హెడ్డుకి ఈయనెవరో తెలీదు, ఇక నోరు మెదపొద్దని చెప్పేశాడు.”

టెస్సా మొహం పాలిపోయింది. తల ఎత్తడానికి సిగ్గేసింది.

“ఆయనకు... ఆయనకు లెక్కలు వచ్చా మేడం?”

“భలేదానివే! ముప్పై ఒక్క ఏళ్లు అదే గదిలో అదే కోర్సు చెప్పి రిటైరైన మాస్టారమ్మా ఆయన, తనకు తెలీక ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.”