పళ్లకు నలుపు

"వీడి పళ్లు నల్లబరచు అక్కా. నీ కాళ్లు పట్టుకుంటాను."

బంటు యాహెయి నిజంగానే వంగాడు. ఒత్సునే కాళ్లు వెనక్కి లాక్కుంది. ఆమె ముందు తొట్టి నిండా ఎర్రనీళ్లు. పక్కన చాప మీద, పొద్దున్నుంచీ కడిగి దువ్విన శత్రువుల తలలు.

కోట గోడ కింద యుద్ధం మధ్యాహ్నానికే ముగిసింది. తొరిబే వంశం వాళ్లు ఓడి కొండల్లోకి పారిపోయారు. గెలిచిన మినెగావా దొర కాసేపట్లో తలలు చూడ్డానికి వస్తాడు. పళ్లు నల్లగా ఉన్నాయంటే గొప్పింటివాడు. వాడి తలకి ధూపం, మంత్రం, చెక్కపెట్టె. సొంతవాళ్లకి చేరుస్తారు కూడా. తెచ్చినవాడికి పొలం. పళ్లు తెల్లగా ఉంటే మాత్రం గుంటే గతి. దాని చుట్టూ అప్పుడే కాకులు చేరాయి.

యాహెయి ఒళ్లోని మూట విప్పాడు. మీసమైనా సరిగా మొలవని ముఖం. పళ్లు ముల్లంగి ముక్కల్లా తెల్లగా ఉన్నాయి.

ఒత్సునే పకపకా నవ్వింది. "ఇదా గొప్పింటి ముఖం? ఎండకి మాడి పెనం అడుగులా ఉంది. వీడు నాట్లేసుంటాడు గానీ గుర్రమెక్కి ఉండడు."

"ముఖానికి పిండి రాయి. తెల్లబడతాడు."

"దొర పక్కన ముసలి మంత్రి ఉంటాడయ్యా. గద్ద కళ్లు ఆయనవి. దొంగ నలుపని తేలిందో, రేపు నీ తల నేనే కడగాలి. నా తల ఎవరు కడుగుతారో ఏమో!"

"నీ పేరు రానివ్వను. నేనే పూశానంటాను."

"పొలమంటే అంత ఆశేమిటి? తల పోయాక ఏ చేతుల్తో దున్నుతావ్?"

అతను నడుముకున్న చిన్న కత్తి తీసి, కూలిగా ఆమె ముందు పెట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆశపోతు ఏడుపు ఇలాగే ఉంటుందనుకుంది ఒత్సునే. తల అందుకుని జుట్టులో దువ్వెన దింపింది.

"మెల్లగా!" అన్నాడు యాహెయి.

"వీడికి నొప్పేం పుట్టదులే. సరుకు పాడై ధర తగ్గుతుందనా?"

"మెల్లగా దువ్వు, చాలు."

"ఎక్కడ దొరికాడు?"

"వాగు పక్క రెల్లులో. కడుపులో బాణం దిగి పడున్నాడు. నన్ను చూసి, త్వరగా కానివ్వమన్నాడు."

"పిరికివాడు కాదన్నమాట."

"కాదు."

ఆమె ముఖానికి బియ్యప్పిండి రాసింది. మాచికాయ పొడి, ఇనుప ముక్కలు ఊరిన పుల్లనీళ్లు కలిపి కుంచెతో పళ్లకు పూసింది. పూత ఆరకముందే డప్పు మోగింది.

దొర పీట మీద కూర్చున్నాడు. తలలు ఒక్కొక్కటే ముందుకొచ్చాయి. యాహెయి తెచ్చిన తల దగ్గర ముసలి మంత్రి ఆగాడు. విసనకర్ర కొసతో పెదవి ఎత్తి, బొటనవేలితో పళ్లు రుద్దాడు. వేలు నల్లబడింది.

మంత్రి తల వంక చూశాడు. యాహెయి వంక చూశాడు. మళ్లీ తల వంక చూశాడు. నల్లబడ్డ వేలిని మెల్లగా తన అంగీ లోపలి మడతకు తుడుచుకున్నాడు.

"గొప్పింటివాడే దొరా," అన్నాడు.

"పేరు?" అడిగాడు దొర.

"పేరు తెలీదు దొరా," అన్నాడు యాహెయి, నేలకి నుదురు ఆనించి. "కుజు లోయ, వాగు మలుపులో ఇల్లు అని మాత్రం తెలిసింది."

"ధూపం వేసి పంపండి. వీడికి పొలం కొలవండి."

"పొలం వద్దు దొరా. తల నన్నే తీసుకెళ్లనివ్వండి."

దొర నవ్వాడు. "తొరిబే వాళ్ల లోయలోకి ఒంటరిగానా? చావాలనుంటే వెళ్లు."

సన్యాసి మంత్రం చదివాడు. తెల్లగుడ్డ చుట్టిన పెట్టెను గుండెలకి హత్తుకుని యాహెయి కోట వాకిలి దాటబోతుంటే ఒత్సునే పరుగున వచ్చి అడ్డం నిలబడింది.

"పిచ్చి పట్టిందా నీకు? పొలం కోసం నా కాళ్ల మీద పడ్డవాడివి, ఇస్తుంటే వద్దన్నావట! అక్కడ నీ ముఖం చూడగానే నరికేస్తారు. ఆ ఇంటికి దారైనా తెలుసా?"

"తెలియకేం అక్కా, ఎవరు గెలిచినా ఒక్క కొడుకైనా మిగలాలని మా అమ్మ నన్ను ఇటూ, తమ్ముణ్ణి అటూ సాగనంపింది ఆ గుమ్మంలోంచే."