దోమ పక్షం

దోమ సరిగ్గా అధ్యక్షులవారి బట్టతల మీద వాలింది.

అహింస, సామాజిక న్యాయం మీద జరుగుతున్న సదస్సు అది. "ఎవరూ ఎవరి మీదా చెయ్యెత్తని సమాజం రావాలి" అంటూ ఆయన అప్పుడే మంచి ఊపు మీదున్నారు. నెత్తి చురుక్కుమంది. చెయ్యి దానంతటదే పైకి లేచింది.

హాలంతా ఊపిరి బిగబట్టింది. లేచిన చెయ్యి వెయ్యడానికీ లేదు, దింపడానికీ లేదు. పాపం, ఎవరినో దీవిస్తున్నట్టు అలాగే నిలబడిపోయారు.

మూడో వరుసలో మెత్తనాయన గుండె గుభేలుమంది.

మెత్తనాయన అసలు పేరు అక్కడెవరికీ తెలియదు. గొంతు మెత్తన, నడక మెత్తన, కోపం వస్తే అదీ మెత్తనే. ఆయన ఈ సభకి వచ్చింది ఒకే ఒక్క పని మీద. దోమని చంపకూడదని తీర్మానం చేయించాలి. పోయినేడాది ఇలాంటి సభలోనే, ఆయన నోరు విప్పేలోపు ఎవరో మందు కొట్టేవాణ్ణి పిలిపించారు. ఆ రోజు ఇంటికెళ్ళాక ఆలుమగలిద్దరికీ ముద్ద దిగలేదు.

"ఈసారైనా గట్టిగా మాట్లాడండి. బెల్లం కొట్టిన రాయిలా కూర్చోకండి" అని పొద్దున్నే చెప్పి పంపింది భార్య. ఈసారీ ఓడిపోతే ఆవిడకి మొహం ఎలా చూపించాలో ఆయనకి తెలియడం లేదు.

"కొట్టండి సార్, ఇంకా చూస్తారేంటి!" అని అరిచాడు పళ్ళ డాక్టరు. సదస్సుకొచ్చినవాళ్ళందరికీ ఇచ్చిన కాలవగట్టు మీది వసతి గృహంలో, కింది అంతస్తులో ఆయన బస. రాత్రంతా కంటి మీద కునుకు లేదు.

మెత్తనాయన లేచాడు.

"వద్దండీ! నోరు లేని జీవమండీ అది!"

"నోరు లేదా? ఇదిగో, చూడండి!" డాక్టరు చొక్కా చెయ్యి పైకి లాగాడు. మోచేతి దాకా దద్దుర్లే.

ఎర్ర కళ్ళజోడు లాయరమ్మ మైకు లాక్కుంది. "అధ్యక్షా, కుట్టేది ఆడదోమ. అదీ గుడ్లు పెట్టడం కోసం. కాబోయే తల్లి మీద చెయ్యెత్తుతారా?"

అధ్యక్షులవారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మనసు కరిగినందుకో, దోమ ఇంకా కుడుతున్నందుకో చెప్పలేం.

"ఇవాళ దోమని చంపినవాడు రేపు మనిషిని చంపుతాడు!" శాంతి గీతాలు పాడే గాయకుడు కుర్చీలు దాటుకుంటూ వచ్చి డాక్టరు కాలరు పట్టుకున్నాడు. "ఒక్క దోమ మీద చెయ్యి పడిందా, నీ పళ్ళు రాలగొడతా!"

పళ్ళ డాక్టరుకి ఆ మాట మరీ మనసుకి తగిలింది. ఇద్దరూ కలబడ్డారు. విడిపించబోయిన ఇద్దరు కూడా కాసేపట్లో కలబడ్డారు.

"ఆపండి!" వెనక వరుసలోంచి ఒక టీచరమ్మ గొంతు చించుకుంది. "దోమ సంగతి తర్వాత. పై అంతస్తు కిటికీలకి జాలీలున్నాయి. కింద మాకు లేవు. రాత్రంతా మేమే కుట్టించుకోవాలా? ఇదేనా మీ సామాజిక న్యాయం?"

హాలు దద్దరిల్లింది. వెనక వరుసలన్నీ లేచి నిలబడ్డాయి.

"జాలీలు పీకించండి! కుడితే అందర్నీ కుట్టాలి!"

మెత్తనాయన ఇంత అదృష్టం కలలో కూడా ఊహించలేదు. జీవితంలో మొదటిసారి ఆయన గొంతు హాలు చివరిదాకా వినిపించింది.

"నా తీర్మానంలో అది కూడా కలుపుకుంటానండీ! దోమని చేత్తో గానీ, బ్యాటుతో గానీ, పొగతో గానీ, మందుతో గానీ చంపకూడదు, తరమకూడదు. ఈ రాత్రికి పైనా కిందా జాలీలన్నీ తీసేసి, కిటికీలన్నీ తెరిచి పెట్టాలి."

ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమన్నారు అధ్యక్షులవారు. ఆయన చెయ్యి ఎలాగూ పైనే ఉంది. హాలంతా చేతులు లేచాయి. పళ్ళ డాక్టరు ఒక్కడే మొండిగా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అంతలో ఆయన మెడ మీద ఏదో వాలింది. కొట్టబోయి చెయ్యెత్తాడు. దాన్నీ ఓటు కిందే లెక్కేశారు.

తీర్మానం ఏకగ్రీవం. చప్పట్లు కొడితే మధ్యలో ఏ దోమైనా నలుగుతుందేమోనని అందరూ గాల్లో చేతులూపారు.

అసలు దోమ ఎప్పుడో కడుపు నింపుకుని తన దారిన వెళ్ళిపోయింది. అధ్యక్షులవారి నెత్తి మీద గోళీకాయంత బుడిపె మిగిలింది.

"మరి ఈ రాత్రి మేం పడుకునేదెలాగండీ?" డాక్టరు బావురుమన్నాడు.

మెత్తనాయన ఆయన్ని దగ్గరికి తీసుకుని వీపు నిమిరాడు. ఆయన్ని చూస్తే నిజంగానే జాలేసింది.

"ఏదో ఒక దారి దొరక్కపోదులెండి" అన్నాడు.

బయట, వసతి గృహం గేటు దగ్గర, వ్యానుకి ఆనుకుని ఆయన భార్య ఎదురుచూస్తోంది. ఆయన్ని చూడగానే నాలుగడుగులు ముందుకొచ్చింది.

"ఏమైందండీ?"

"నెగ్గాం" అన్నాడాయన. "ఒక్కరు కూడా కాదనలేదే."

"పై అంతస్తు వాళ్ళు కూడానా?"

"వాళ్ళు కూడా."

ఆవిడ కళ్ళు తుడుచుకుని, వ్యాను వెనక తలుపులు బార్లా తెరిచి, దోమతెరల మొదటి కట్ట విప్పింది.