ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు

“ఈ బాల్కనీలో ఎండ ఎంతసేపుంటది ఆంటీ?” గాజు తలుపు జరిపి బయటికి తొంగిచూస్తూ అడిగింది వైశాలి.

హారిక నోరు విప్పేలోపే ఆమె భర్త విష్ణువర్ధన్ అందుకున్నాడు. “చలికాలంలో మధ్యాహ్నం దాకా ఉంటుందమ్మా. ఢిల్లీలో అదెంత అదృష్టమో మీకు తెలుసుగా. ఇటు రండి, వంటిల్లు చూద్దురు గాని. గోడలకి రంగులు మొన్ననే వేయించాం.”

వైశాలి, ఆమె భర్త క్రాంతి హైదరాబాదువాళ్ళు. ఇద్దరివీ నోయిడాలో ఉద్యోగాలు, అక్కడే అద్దె ఇల్లు. మయూర్ విహార్‌లో తెలుగువాళ్ళ ఫ్లాటు అమ్మకానికి ఉందని బ్రోకర్ చెబితే చూడ్డానికి వచ్చారు. ఇల్లంతా తిరిగారు. హారిక కూతురు ఇషిత తన గది కూడా చూపించి, వాళ్ళతో హిందీలో కాసేపు కబుర్లు చెప్పింది.

“మాకైతే మస్తు నచ్చింది అంకుల్. రేపు ఫోన్ చేస్తం,” అన్నాడు క్రాంతి.

విష్ణువర్ధన్ వాళ్ళను గేటు దాకా దిగబెట్టి, హుషారుగా మెట్లెక్కి వచ్చాడు. “ఈసారి ఖాయం హారికా. ఇంక నువ్వూ, నీ సముద్రమూ.”

హారికది భీమిలి. పెళ్ళయి ఢిల్లీ వచ్చిన ఇరవై రెండేళ్ళలో ఆమె సముద్రం ఊసెత్తని నెల లేదు. నవంబరు వచ్చి పొగ కమ్మితే చాలు, “నన్ను మా వైపు తీసుకుపోండి బాబూ” అని మొదలుపెట్టేది. అందుకే ఆఫీసువాళ్ళు విశాఖపట్నంలో కొత్త బ్రాంచి తెరుస్తున్నామనగానే విష్ణువర్ధన్ తనంతట తనే వెళ్తానన్నాడు. ఇంట్లో మాత్రం ఒక షరతు పెట్టాడు. ఫ్లాటు అమ్మాకే కదలాలి. సగం సంసారం అక్కడ, సగం ఇక్కడ తన వల్ల కాదు. నెలాఖరులోగా చేరకపోతే ఆఫీసువాళ్ళు ఇంకొకరిని పంపిస్తారు.

మర్నాడు వైశాలి ఫోను చేయలేదు. సాయంత్రం బ్రోకరే చేసి, వాళ్ళకు వద్దట అని చెప్పాడు. “ఉన్‌కో నహీ చాహియే, సర్‌జీ.”

విష్ణువర్ధన్ ఫోను సోఫా మీద పడేశాడు. “ఇది మూడో బేరం. చూసినప్పుడు అందరికీ నచ్చుతుంది. తెల్లారేసరికి ఏమవుతుందో మరి.”

హారికకూ అంతు పట్టలేదు. అంతకన్నా అంతు పట్టనిది, బేరం తప్పిన ప్రతిసారీ తన గుండె మీంచి బరువేదో దిగినట్టు ఉండటం. పక్కింటి నేహాతో కలిసి ఎండలో కూర్చుని బఠాణీలు ఒలుచుకోవడం, రాగం తీస్తూ వచ్చే కూరల బండివాడితో కొత్తిమీర దగ్గర పోట్లాట, ఇన్నాళ్ళూ ఇవి కూడా ఒక సుఖమని ఆమెకు తోచలేదు. భీమిలిలో ఇప్పుడు తనకెవరున్నారు? అమ్మానాన్నా పోయారు. తనతో చదువుకున్నవాళ్ళు ఎక్కడున్నారో కూడా తెలియదు. కానీ ఆ మాట ఏ మొహం పెట్టుకుని అనడం? ఆయన ఇదంతా తన కోసమే కదా చేస్తున్నది.

“నీకు వెళ్ళాలనే ఉందిగా?” భోజనం దగ్గర విష్ణువర్ధన్ అడిగాడు. ఈమధ్య తరచూ అడుగుతున్నాడు.

“ఉండకేం?” పప్పు వడ్డిస్తూ అంది హారిక.

అతను తలూపి అన్నం కలుపుకున్నాడు.

ఆమె అనుమానం ఇషిత మీదికి పోయింది. కాలేజీలో రెండో ఏడు. విశాఖ మాట విన్నప్పటి నుంచీ పిల్ల ముభావంగా ఉంటోంది.

“ఇషీ, ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళతో ఏమైనా అన్నావా?”

ఇషిత చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసింది. “క్యా?”

“ఇల్లు బాగుండదనీ అదీ.”

“ముఝే నహీ జానా, మమ్మీ, యే సచ్ హై.” తనకు వెళ్ళడం ఇష్టం లేదని ఒప్పుకుంటూనే, అలాంటి పనులు తానెందుకు చేస్తానని అలిగింది. “ఉన్హీ సే పూఛ్ లో.”

వాళ్ళనే అడుగు! హారికకు ఆ మాట పట్టుకుంది. ఫోనులో అయితే వైశాలి మొహమాటపడుతుందని, మర్నాడు మెట్రో ఎక్కి నోయిడా వెళ్ళి, ఆమె ఆఫీసు బయట కలుసుకుంది. ఇషితదే ఈ పని అని తేలితే మందలించాలో, దగ్గరికి తీసుకోవాలో దారి పొడవునా ఆలోచించినా తేలలేదు.

ఇద్దరూ టీ కొట్టు దగ్గర బెంచీ మీద కూర్చున్నారు.

“ఏమనుకోకండి ఆంటీ, ఇల్లు మంచిగనే ఉంది,” అంది వైశాలి ఇబ్బందిగా. “కానీ వానొస్తే బెడ్రూం గోడ ఊరుతదంట గదా. అందుకే రంగులేయించిండ్రంట. పైనోళ్ళు రోజూ కొట్లాడుకుంటరంట.”

హారిక తెల్లబోయింది. ఆ గోడకు ఏనాడూ చెమ్మ పట్టలేదు. పై ఫ్లాటుకు ఏడాదిగా తాళం వేసే ఉంది.

“మా అమ్మాయి చెప్పిందామ్మా ఇవన్నీ?” వీలైనంత మెత్తగా అడిగింది. “నేనేమీ అనుకోను. పుట్టి పెరిగిన ఊరు. వదలాలంటే దానికి మాత్రం కష్టంగా ఉండదూ?”

“అయ్యో, పాప ఏం చెప్పలే ఆంటీ. తన రూం గురించి మంచిగనే చెప్పింది.”

“మరి ఎవరు చెప్పారు?”

వైశాలి టీ గ్లాసు పక్కన పెట్టి అటూ ఇటూ చూసింది.

“మీతోని అనొద్దని నా దగ్గర మాట తీసుకున్నరు.”

“ఫరవాలేదు, చెప్పు.”

“అంకులే చెప్పిండ్రు, ఆంటీ.”