గసగసాల బన్నులు

"ఆ గుడ్డ మా ఇంటిదే," అన్నాడు హినెక్, తెర సందులోంచి కళ్ళు తిప్పకుండా.

వేదికకు అటుపక్క జర్మన్ గాయక సంఘం వాళ్ళు గొంతులు సవరించుకుంటున్నారు. వాళ్ళలో మేటి గొంతు కోస్ట్లర్‌ది. ఎర్ర దారంతో కుట్టిన గుడ్డ ఒళ్ళో విప్పుకుని గసగసాల బన్నులు లాగిస్తున్నాడు. ఇప్పుడే ఆ మూట అతని చేతిలో పెట్టి, నవ్వుతూ ఏదో చెప్పి వెళ్ళింది అపొలేనా. హినెక్ పెళ్ళాం.

"ఎర్ర దారం గుడ్డలు ఊరందరికీ ఉంటాయిలేరా," అన్నాడు పక్కనున్న మతౌష్. "అంత అనుమానమైతే వెళ్ళి అడుగు. మన చెక్ సంఘంలో వాళ్ళ భాష నీకు వచ్చినంత బాగా ఎవడికొచ్చు?"

"ఆ మాటెత్తకు. వాళ్ళ భాష నేనెప్పుడో మర్చిపోయాను."

"మర్చిపోతే మానె. ఈసారి చరణం నువ్వొక్కడివే పాడాలి. దానిమీద పెట్టు మనసు."

మనసు ఎక్కడ నిలుస్తుంది? బన్నులు చెయ్యలేదేమని పొద్దున అడిగితే గసగసాలు నిండుకున్నాయంది మహాతల్లి. ఆ నిండుకున్న గసగసాలే ఇప్పుడు జర్మన్ వాడి మీసాలకు అంటుకుని కనిపిస్తున్నాయి. హినెక్‌కు ఒళ్ళు భగ్గుమంది.

అసలు ఈ ఉమ్మడి కచేరీ ఎవరికీ ఇష్టం లేదు. కింది వీధి తగలబడి జనం రోడ్డున పడితే, వాళ్ళ కోసం రెండు సంఘాలకూ ఒకే వేదిక ఎక్కక తప్పలేదు. అయినా వాళ్ళ కోటుకు జర్మన్ల గుర్తు ఓక్ ఆకు, వీళ్ళ కోటుకు చెక్‌ల గుర్తు లిండెన్ ఆకు. ఎదురుపడినా పలకరింపులు లేవు.

ముందు కోస్ట్లర్ పాడాడు. పాపిష్ఠివాడు, బాగా పాడాడు. చప్పట్లు కొట్టకూడదని ముందే అనుకున్న చెక్ ఆడవాళ్ళంతా చేతులు ఒళ్ళో పెట్టుకుని బిగదీసుకు కూర్చున్నారు. అపొలేనా ఒక్కతే కొట్టింది. పక్కనే హినెక్ తల్లి కళ్ళొత్తుకుంటోంది. కోడలి నిర్వాకానికి సిగ్గుతో చచ్చిపోతోంది పాపం, అనుకున్నాడు హినెక్.

విరామంలో పెళ్ళాన్ని మెట్ల కిందికి లాక్కొచ్చాడు.

"ఎన్నాళ్ళ నుంచి సాగుతోంది ఇది?"

"ఏదండీ?"

"ఆ బన్నులు వాడికెందుకు పెట్టావ్?"

ఆమె తల దించుకుంది. "చెప్పనని మాటిచ్చాను."

"వాడికా మాట? సరే. నేనివాళ పాడను. నువ్వు పెట్టె సర్దుకుని పుట్టింటికి పో."

అపొలేనా కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి గానీ పెదవి విప్పలేదు. మన వంతు వచ్చిందిరా అని పైనుంచి మతౌష్ పిలుస్తున్నాడు. హినెక్ కోటుకున్న లిండెన్ ఆకు పీకి కింద పడేశాడు.

"దాన్నెందుకురా ఆడిపోసుకుంటావు? మూట పంపింది నేను." తల్లి ఒక్కో మెట్టే దిగి వచ్చింది.

"నువ్వా? ఆ జర్మన్ వాడికా?"

"చిన్నప్పుడు భాష నేర్చుకొస్తావని నిన్నొక ఏడాది జర్మన్ ఊళ్ళో తేనెటీగలు పెంచేవాళ్ళింట్లో ఉంచలేదూ? బదులుగా వాళ్ళ పిల్లాణ్ణి మనింట్లో పెట్టుకున్నాం. అప్పట్లో అందరూ అలాగే మార్చుకునేవాళ్ళు. నీ మంచం మీద పడుకున్నది ఇతనే. నీతో అంటే ఇంతెత్తున ఎగురుతావని దీన్ని నోరెత్తొద్దన్నాను."

హినెక్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. అపొలేనా చెయ్యి పట్టుకుని, ఆకు తీసి మళ్ళీ కోటుకు గుచ్చుకున్నాడు. రెండు మెట్లెక్కి ఆగిపోయాడు. ఈసారి తల్లి వైపు తిరిగాడు.

"నాకు ఒక్కటైనా ఉంచలేదేమమ్మా? కన్నకొడుకుని నేనా, వాడా?"

తల్లి అతని కోటుకున్న ఆకు సరిచేసింది.

"తిరిగి పంపే రోజున వాడు నా పావడా పట్టుకుని, వెళ్ళనని ఏడ్చాడురా," అంది మెల్లగా. "ఆ రోజే నువ్వూ ఏడ్చావు. బండి దిగి, నన్ను చూసి, మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళిపోతానని."